పాలపళ్లే కదా అన్న చిన్నచూపు తగదు

నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే బయటి వారికి ముందుగా గుర్తుకు వచ్చేది ఫ్లోరైడు నీళ్లు. మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో గార పట్టిన పళ్లు, వంగిన కాళ్లు రెండు మూడు తరాలను పీడించాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడి ఈ నీటి గోడును దేశమంతటికీ వినిపించారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా నది నీరు శుద్ధి అయి పైపుల్లో ఊళ్లకు వచ్చింది. ఆ పోరాటం ఫలితం ఇప్పటి పిల్లల పళ్లలో కనిపించవలసి వున్నది.

అయితే పంటికి సంబంధించిన మరొక జబ్బు మన పల్లెల్లో పసిపిల్లలను తినేస్తున్నా, ఎవరూ దానిని జబ్బుగా లెక్కించడం లేదు. అది పుచ్చు. ఏ ఊరి అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లి పిల్లలను నోరు తెరవమన్నా, పై ముందరి పళ్లు నల్లగా అరిగి మొరళ్లు మిగిలిన పిల్లలు కనబడతారు. దవడ పళ్లలో గుంటలు పడిన వారు కనబడతారు. తల్లిని అడిగితే వచ్చే సమాధానాలు రెండే. ఒకటి “మా నీళ్లే అంత” అని. రెండోది “పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అని. ఈ రెండు మాటలూ సరైనవి కావు. ఈ రెండు మాటల వల్లనే పిల్లలు నెలల తరబడి నొప్పి అనుభవిస్తున్నారు.

2002-03లో దేశవ్యాప్తంగా జరిపిన దంత ఆరోగ్య సర్వేలో 5 ఏళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి పుచ్చు పళ్లు వున్నట్లు తేలింది. 12 ఏళ్ల వారిలో ఇది 53.8 శాతం, 15 ఏళ్ల వారిలో 63.1 శాతం. అంటే బడిలో చేరే నాటికే ప్రతి ఇద్దరిలో ఒకరికి పన్ను చెడిపోయి వుంటున్నదన్న మాట. ఇంత మందికి వచ్చే జబ్బు మరేదైనా అయివుంటే ఈ పాటికి ఊరూరా డప్పు వేయించి వుండేవారు.

నీళ్ల దోషం వేరు, పుచ్చు వేరు

ఫ్లోరైడు గార చిగురు కిందనే పుడుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడు వుంటే, పన్ను ఎముకలో తయారవుతున్న సమయంలోనే దాని పైపొర దెబ్బతింటుంది. అందుకే ఆ పన్ను బయటికి వచ్చేటప్పుడే తెల్లని చారలతోనో, గోధుమ రంగు మచ్చలతోనో వస్తుంది. కుడి పక్క ఎలా వుంటే ఎడమ పక్క కూడా ఇంచుమించు అలాగే వుంటుంది. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల ఫలితం అది. ఆ మచ్చ తోమితే పోయేది కాదు. ఇటుక పొడి, బొగ్గు పొడి వేసి రుద్దితే మచ్చ పోదు సరికదా, పంటి పైపొర అరిగిపోతుంది.

పుచ్చు అలా కాదు. పన్ను బాగానే వస్తుంది, వచ్చిన తరువాత చెడుతుంది. నోటిలోని సూక్ష్మక్రిములు తీపిని, పిండి పదార్థాన్ని తిని ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటిలోని సున్నాన్ని కరిగిస్తుంది. తినడానికీ తినడానికీ మధ్య విరామం వుంటే లాలాజలం ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది. విరామం లేకపోతే గుంట పడుతుంది. కనుక ఎంత తీపి తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. పండుగనాడు ఒక్కసారి నాలుగు అరిసెలు తిన్న పిల్లవాడి కన్నా, రోజంతా ఒక్కొక్క బిస్కట్టు నోట్లో నానబెట్టే పిల్లవాడి పళ్లు ముందుగా పుచ్చుతాయి.

పాలపళ్ల మీద ఫ్లోరైడు గార తక్కువగానే కనిపిస్తుంది. అది ఎక్కువగా కనబడేది తరువాత వచ్చే శాశ్వత దంతాల మీద. కాబట్టి రెండేళ్ల బిడ్డ పై ముందరి పళ్లు రంగు మారుతూ వుంటే ముందుగా అనుమానించవలసింది పుచ్చునే. మన జిల్లాలో ప్రతి మచ్చనూ నీళ్ల మీదకు నెట్టే అలవాటు వుండడం వల్ల నయం కాగల జబ్బు కూడా తలరాతగా మిగిలిపోతున్నది.

ఊడిపోయే పళ్లకు విలువ లేదా?

బిడ్డకు సుమారు ఆరో నెలలో కింది ముందరి పళ్లు వస్తాయి. రెండున్నర, మూడేళ్లకు 20 పాలపళ్లూ పూర్తవుతాయి. వీటిలో ముందరివి ఆరేడేళ్లకు ఊడిపోయే మాట నిజమే. కాని దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లో వుండవలసినవి. మూడేళ్లకు పుచ్చిన దవడ పన్నుతో ఆ పిల్లవాడు మరో ఏడెనిమిదేళ్లు అన్నం నమలాలి. నమలలేక మింగితే ఒంటికి పట్టదు. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టినా, పప్పు పెట్టినా, పన్ను నొప్పి వున్న బిడ్డ పక్కకు నెడుతుంది. రాత్రి నిద్ర వుండదు, పగలు బడిలో ధ్యాస వుండదు.

పాలపన్ను మరొక పని కూడా చేస్తుంది. కింద తయారవుతున్న శాశ్వత దంతానికి చోటు కాపాడుతుంది. దానిని అకాలంగా పీకించివేస్తే పక్క పళ్లు ఆ సందులోకి ఒరిగిపోతాయి. కింది పన్నుకు దారి దొరకక వంకరగా వస్తుంది. పాలపన్ను వేరు దగ్గర చీము చేరితే ఆ చీము కిందనున్న కొత్త పన్నును కూడా పాడు చేయగలదు. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే అది ప్రాణాపాయ సూచన. ఆ స్థితిలో లవంగ నూనె, పొగాకు నలుసు పెట్టి కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. పంటిలో పురుగు వున్నదని చెప్పి దూదిలో చూపించే వారిని నమ్మరాదు. పుచ్చు పంటిలో తీయవలసిన పురుగంటూ ఏదీ వుండదు.

ఆరో ఏట వచ్చే ఆరో పన్ను

తల్లిదండ్రులు అందరికన్నా ఎక్కువగా మోసపోయేది ఆరేళ్ల దవడ పన్ను విషయంలో. పిల్లవాడికి ఆరో ఏడు వచ్చేసరికి పాలపళ్ల వరుస వెనుక, పైనా కిందా, రెండు పక్కలా ఒక్కొక్క పెద్ద పన్ను మొలుస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే ఇది వస్తుంది కనుక చాలామంది దీనిని కూడా పాలపన్ను అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం వుండవలసిన శాశ్వత దంతం. పోతే మళ్లీ రాదు. పైన గాడులు లోతుగా వుండడం వల్ల తిండి ఇరుక్కుని త్వరగా పుచ్చుతుంది కూడా.

దీనిని గుర్తుపట్టడం చదువు రాని వారికి కూడా కష్టం కాదు. ముందరి పళ్ల నడిమి గీత దగ్గర నుంచి ఒక పక్కకు లెక్కపెట్టుకుంటూ పోవాలి. అయిదు పళ్ల దాకా పాలపళ్లు. ఆరోది కనబడితే అది శాశ్వత దంతం. ఆరో ఏట వచ్చేది ఆరో పన్ను అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఒకటో తరగతి, రెండో తరగతి ఉపాధ్యాయులు ఈ ఒక్క లెక్క తల్లిదండ్రులకు నేర్పితే ఎన్నో దవడ పళ్లు నిలుస్తాయి.

ఇంట్లో చేయవలసినవి

పన్ను కనబడిన రోజు నుంచే శుభ్రం చేయడం ప్రారంభించాలి. మొదట తడి గుడ్డతో తుడిచినా చాలు. తరువాత మెత్తని చిన్న బ్రష్షు వాడాలి. మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు సరిపోతుంది. పత్రికల్లో ప్రకటన చూసి బ్రష్షు నిండా పరచడం డబ్బు దండుగ, బిడ్డకు హాని. పేస్టులోని ఫ్లోరైడు కొద్దిగా వాడితే పుచ్చును ఆపుతుంది. కాని బోరు నీరే ఇప్పటికీ తాగుతున్న ఇళ్లలో ఆరేళ్ల లోపు పిల్లలకు ఏ పేస్టు వాడాలో దంత వైద్యుని అడిగి నిర్ణయించుకోవడం మంచిది. మింగకుండా ఉమ్మి వేయించడం మాత్రం అందరూ నేర్పవలసిందే.

మన పల్లెల్లో పొద్దున్నే వేపపుల్ల నమలడం పెద్దలకు పాత అలవాటు. రాత్రి పళ్లు తోమడం మాత్రం మనకు అలవాటు లేదు. పుచ్చును ఆపడంలో అసలైన తోముడు రాత్రిదే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. ఆ సమయంలో నోట్లో తీపి నిలిస్తే పన్నుకు రక్షణ వుండదు. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం, పాలపీకకు తేనె రాసి ఇవ్వడం, రాత్రి తియ్యని దగ్గు మందు పోసి నీళ్లు తాగించకుండా పడుకోబెట్టడం మానాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల పళ్లు పెద్దలే తోమాలి, లేదా దగ్గర వుండి తోమించాలి. తల్లి నమిలిన ముద్దను బిడ్డ నోట్లో పెట్టినా, ఇద్దరూ ఒకే చెంచా వాడినా తల్లి నోటిలోని క్రిములు బిడ్డకు చేరుతాయి. కనుక తల్లి తన పుచ్చు పళ్లకు కూడా వైద్యం చేయించుకోవాలి.

ఎర్ర పళ్లపొడుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. పేరూ ఊరూ లేని పొట్లాల పొడిని పసిపిల్లల నోట్లో వేయరాదు.

చుక్కల నాడే నోరు చూడాలి

ఇంతవరకు చెప్పినది ఇంటి బాధ్యత. ఇంటితోనే అన్నీ జరగవు. మొదటి పుట్టిన రోజు నాటికి బిడ్డను ఒకసారి దంత వైద్యునికి చూపాలనీ, ఆ తరువాత ఆరు నెలలకొకసారి చూపుతూ వుండాలనీ పిల్లల దంత వైద్యులు చెబుతారు. పట్టణాల్లో వున్న వారికి ఇది సాధ్యం కావచ్చు. దేవరకొండ అవతలి తండాలో వున్న తల్లికి ఎలా సాధ్యం? 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లె బస్సులో ఆడవారికి టికెట్టు లేని మాట నిజమే. కాని ఆ రోజు కూలి పోతుంది. నొప్పి లేని పంటి కోసం ఒక రోజు కూలి వదులుకొమ్మని ఏ తల్లికీ చెప్పలేము.

కనుక తల్లిని వైద్యుని దగ్గరకు పంపడానికి ముందు, తల్లి ఎలాగూ వచ్చే చోటనే పిల్లల నోరు చూసే ఏర్పాటు చేయాలి. ఆ చోటు కొత్తగా వెతకనక్కరలేదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకాతో పాటు విటమిన్-ఏ మొదటి మోతాదు ఇస్తారు. ఏడాదిన్నర ప్రాంతంలో రెండోది. అక్కడి నుంచి అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి. మొత్తం 9 మోతాదులు. దంత వైద్యులు కోరే ఆరు నెలల గడువు, విటమిన్-ఏ గడువు ఇంచుమించు ఒక్కటే. తొమ్మిదో నెల అంటే చాలామంది పిల్లలకు మొదటి పళ్లు కనబడిన సమయమే. మందు పోయడానికి బిడ్డ నోరు ఎలాగూ తెరుస్తారు. అదే క్షణంలో పై పెదవి ఎత్తి చూడడానికి పట్టేది అర నిమిషం.

ఏమి చూడాలన్నది కూడా పెద్ద విద్య కాదు. పై ముందరి పళ్ల మొదట్లో, చిగురును ఆనుకుని సున్నం గీసినట్లు తెల్లని చార కనబడితే అది పుచ్చుకు తొలి సూచన. ఆ దశలో తీపి తగ్గించి, రాత్రి తోమించి, వైద్యుని చేత ఫ్లోరైడు పూత వేయిస్తే గుంట పడకుండా ఆపవచ్చు. చార గోధుమ రంగుకు తిరిగినా, గుంట పడినా, చిగురు మీద చీము పొక్కు కనబడినా వైద్యుని దగ్గరకు పంపాలి. ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఈ మూడు గుర్తులను ఒక్క పూట శిక్షణతో నేర్చుకోగలరు. వారికి ఇప్పటికే రిజిస్టర్ల భారం ఎక్కువగా వున్నదన్నది వాస్తవం. అందుకే కొత్త రిజిస్టరు పెట్టవద్దు. తల్లీబిడ్డల కార్డులో విటమిన్-ఏ గడి పక్కన పళ్లకు ఒక గడి చేరిస్తే సరిపోతుంది.

చీటీతో పన్ను బాగుపడదు

పిల్లలను పరీక్షించే పథకం అసలే లేదని అనలేము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి రావాలి. ఒక్కొక్క బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏ.ఎన్.ఎం., ఒక ఫార్మసిస్టు వుండాలి. వారు చూడవలసిన 30 రకాల లోపాల్లో, జబ్బుల్లో దంత సమస్యలు కూడా వున్నాయి. జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రం సిబ్బందిలో దంత వైద్యుడు వుండాలని నిబంధన.

కాగితం మీద ఏర్పాటు బాగానే వుంది. చిక్కంతా చీటీ రాసిన తరువాతనే వస్తుంది. పన్ను పుచ్చిందని రాసి జిల్లా కేంద్రానికి పొమ్మంటే, కూలి చేసుకునే కుటుంబం పోలేదు. ఆ చీటీ గూట్లోనే వుండిపోతుంది. మరుసటి ఏడు బృందం వచ్చేసరికి గుంట పెద్దదై, ఆపై ఏడు వచ్చేసరికి పన్ను పీకవలసిన స్థితి వస్తుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. గుర్తించిన పిల్లలెందరన్న లెక్కతో పాటు వైద్యం పూర్తయిన పిల్లలెందరన్న లెక్క కూడా అడిగినప్పుడే ఈ పరిస్థితి మారుతుంది.

వైద్యం కూడా ఇప్పుడు ఒకప్పటిలా యంత్రాలతోనే కూడినది కాదు. చిన్న చేతి పనిముట్లతో మెత్తబడిన భాగాన్ని గీకివేసి, గ్లాస్ అయనమర్ అనే సిమెంటుతో నింపే పద్ధతి వుంది. దీనికి కరెంటు కూడా అవసరం లేదు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అనే మందును చుక్కగా రాస్తే పుచ్చు అక్కడే ఆగిపోయే అవకాశం ఎక్కువ. రాసిన చోట పన్ను నల్లబడుతుందన్న మాట తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ రెండింటినీ, ఫ్లోరైడు టూత్‌పేస్టునూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. సూదికీ, మరకూ భయపడే పసిపిల్లలకు, కుర్చీ లేని పల్లె ఆస్పత్రికి ఇంతకన్నా అనువైన వైద్యం వుండదు.

చేయవలసినది ఇది

మొదటిది, విటమిన్-ఏ ఇచ్చే ప్రతిసారీ పిల్లల పళ్లు చూసి కార్డులో గుర్తు పెట్టేలా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ కలిసి ఉత్తర్వులు ఇవ్వాలి.

రెండవది, నెలకొక నిర్ణీత దినాన ప్రతి మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రికి దంత వైద్యుడు వచ్చి, పేర్లు నమోదైన పిల్లలకు అక్కడికక్కడే వైద్యం చేయాలి. ఆ తేదీ మారరాదు. సంత ఏ వారమో ఊరందరికీ తెలిసినట్లే పళ్ల డాక్టరు వచ్చే రోజు కూడా తెలియాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దంత వైద్యుని పోస్టు సాధారణంగా వుండదు కనుక పెద్ద ఆస్పత్రుల వైద్యులను వంతులవారీగా పంపాలి. మన జిల్లాలో నార్కట్‌పల్లి వద్ద దంత వైద్య కళాశాల కూడా వుంది. ఏడాదికొక శిబిరం పెట్టి, ఫొటోలు దిగి, పేస్టులు పంచి పోయే కన్నా, ఆరు నెలలకొకసారి అదే ఊరికి వచ్చి అదే పిల్లలను చూసేలా అధికారులు ఆ కళాశాలతో ఏర్పాటు చేసుకోవాలి.

మూడవది, అంగన్‌వాడీల్లో మధ్యాహ్న భోజనం తరువాత పిల్లలందరి చేత కలిసి పళ్లు తోమించాలి. బ్రష్షులు, పేస్టు, పేర్లు రాసిన గ్లాసులు సమకూర్చే బాధ్యత గ్రామ పంచాయతీలు తీసుకోవచ్చు. బాలామృతంలో చక్కెర వుంటుంది కనుక, తినిపించిన తరువాత బిడ్డకు నాలుగు గుక్కల నీళ్లు తాగించమని తల్లులకు చెప్పాలి. బాలామృతం మానవద్దనీ, అది బిడ్డ పోషణకు అవసరమనీ కూడా చెప్పాలి.

నాలుగవది, బడిలో ఒకటి, రెండు తరగతుల్లో ఆరో పన్నునూ, పన్నెండేళ్ల వయసులో దాని వెనుక వచ్చే ఏడో పన్నునూ తప్పక చూడాలి. బడి గేటు ముందు చాక్లెట్లు, రంగు ఐసులు అమ్మే దుకాణాల విషయంలో విద్యా కమిటీలు పట్టుదల వహించాలి.

ఇందులో కోట్లతో కూడిన పని ఏదీ లేదు. కొత్త భవనాలు అక్కరలేదు. వున్న సిబ్బంది, వున్న చుక్కల రోజు, వున్న ఆస్పత్రి చాలు. కావలసినది క్రమం తప్పని రాక. నీటి కోసం ఈ జిల్లా దశాబ్దాలు పోరాడవలసి వచ్చింది. పిల్లల పళ్ల కోసం మరో పోరాటం దాకా రానివ్వకుండా, వచ్చే విటమిన్-ఏ విడత నుంచే ఈ ఏర్పాటు మొదలు పెట్టాలని జిల్లా అధికారులకు విజ్ఞప్తి చేస్తున్నాము. ఆ విడత వచ్చే వరకు తల్లిదండ్రులు కూడా ఖాళీగా వుండనక్కరలేదు. ఈ రాత్రి బిడ్డ పడుకునే ముందు వెలుతురులో కూర్చోబెట్టి ఒక్కసారి పెదవి ఎత్తి చూడండి.